పిడి కింద గుర్తు

చేయవలసిన పనులు ఇవి.

గాయం చేసిన కత్తి ఏ రాజు కాలంలో తయారైందో తేల్చాలి. ఆ రాజు ఆయుధాల కొలిమి ఏ నీటి పక్కన ఉండేదో కనుక్కోవాలి. మాంత్రికుడి వేగులకు చిక్కకుండా అక్కడికి చేరాలి. ఆ నీటిని కుండతో తేవాలి. దారిలో కుండ నేలకు తాకకూడదు. యువరాణి చేతికి కట్టిన తీగకు ఆకులు మిగిలి ఉండగానే ఆ నీటితో గాయం కడగాలి.

తరుణగిరి రాజవైద్యుడు అశ్విదత్తుడు ఈ పనులన్నీ నిండు కొలువులో ఒక్కొక్క వేలూ మడుస్తూ చెప్పాడు. చెప్పి, ఆ పిడికిలి అలాగే గుండెకు ఆనించుకుని కూర్చుండిపోయాడు.

అంతకు ముందురోజు యువరాణి పట్టాభిషేక మహోత్సవం. చంద్రకాంత శిలలు పరిచిన సభామండపంలో దంతపు స్తంభాలకు మల్లెదండలు చుట్టారు. గంధపు నీటి చిమ్మనగ్రోవులు మంచులా జల్లు కురిపిస్తున్నాయి. పూలు తెచ్చిన ముసలి మాలాకారుడు సింహాసనం దగ్గరికి వచ్చి, బుట్టలోంచి దండకు బదులు కత్తి తీశాడు. అది యువరాణి అంశుమతి భుజంలో దిగింది. భటులు మీదపడేలోగా ముసలివాడి గోళ్లు కొడవళ్లలా వంగాయి, వీపున ఈకలు మొలిచాయి, వాడు గద్దై గవాక్షంలోంచి ఎగిరిపోయాడు. వాడు కాలాగ్ని లోయ మాంత్రికుడు వక్రనఖుడని అప్పుడు గాని తెలియలేదు. అంశుమతికి తోబుట్టువులు లేరు. ఆమె కన్నుమూస్తే సింహాసనం మీద ఎవరు కూర్చున్నా అడిగే దిక్కు ఉండదు.

మంత్రించిన కత్తి చేసిన గాయం మందులకు మానదు. ఆ కత్తిని తయారుచేసిన రోజున, ఎర్రగా కాలిన ఇనుమును మొదటిసారి ఏ నీటిలో ముంచారో ఆ నీరే దానికి విరుగుడు. తరుణగిరి రాజులలో ఒక్కొక్కరూ ఒక్కొక్క చోట కొలిమి పెట్టించారు. అందుకే కత్తి వయసు తెలిస్తే నీరు తెలుస్తుంది. వైద్యుడు యువరాణి మణికట్టుకు ప్రాణతీగ కట్టాడు. ఆమె ఆయువు తగ్గినకొద్దీ దాని ఆకులు రాలుతాయి. అప్పటికే పరుపు మీద పండుటాకులు పడి ఉన్నాయి.

కత్తిని పరీక్షించడానికి తిప్పనను పిలిచారు.

తిప్పన తండ్రి రాజుగారి కొలిమిలో తిత్తులు ఊదేవాడు. ఆ ఇంట్లో అక్షరం ముక్క నేర్చినవాడు తిప్పన ఒక్కడే. ఆయుధ విద్యాపీఠంలో చదివి, పరీక్షలో మొదటివాడుగా నెగ్గి, పట్టు ఉత్తరీయం కప్పించుకుని నెల కూడా కాలేదు. కొలువులో అందరి కళ్లూ తన మీదే ఉన్నాయని తెలిసి, అతను ఆ ఉత్తరీయాన్ని రెండుసార్లు సర్దుకున్నాడు.

కత్తి మూరెడు పొడవు. రెండు వైపులా అంచు. నల్లటి కొమ్ము పిడి, దానికి ఇత్తడి మేకులు, పిడి చివర రెక్క విప్పిన హంస. తిప్పన దాన్ని వెలుతురులో ఒకసారి తిప్పి చూశాడు. హంస ముద్ర యువరాణి తాత భద్రసేన మహారాజుది. మేకుల తలలు గుండ్రంగా ఉన్నాయి, అదీ ఆ కాలపు పనే. విద్యాపీఠంలో ఇలాంటి పిడులు గూడు నిండా ఉన్నాయి. ఇది భద్రసేన మహారాజు కాలపు కత్తి అనీ, ఆయన కొలిమి హంసకోన ఊట దగ్గర ఉండేదనీ అతను తడుముకోకుండా చెప్పేశాడు.

వృద్ధ మంత్రి మేధానిధి ముందుకు వంగాడు. "పిడి విప్పి చూడనక్కరలేదా, నాయనా?"

"అక్కరలేదు ప్రభూ. అంత పరీక్ష కావలసిన కత్తి కాదిది."

సభలో మెచ్చుకోలు వినబడింది. విద్యాపీఠం గురువుగారు మీసం చాటున నవ్వారు. తిత్తులు ఊదేవాడి కొడుకు ఎంత నిబ్బరంగా మాట్లాడాడో అని ఎవరో అన్నారు. ఆ మాట తిప్పనకు వినబడింది, బాగానే ఉంది.

తోడుగా కొండదళంలోంచి గంగుల నాయకుణ్ణి ఇచ్చారు. సరిహద్దు కొండల్లో జుట్టు నెరిసినవాడు. అతని మీసాలు చెవుల దాకా వెళ్లి, అక్కడినుంచి వెనక్కి చూసేవి. వాటిని చూసే కొండదొంగలు సగం మంది లొంగిపోయారని అతను చెప్పుకునేవాడు. అలాంటి మీసాలను బయల్దేరే ముందు నున్నగా గొరిగించుకున్నాడు. గాజులమ్మే వాళ్లలా వెళితే వేగులకు అనుమానం రాదని పథకం వేసింది అతనే. తిప్పన మొగుడు, గంగుల పెళ్లాం. ఎర్రచీర కట్టి, గాజుల మలారం పెట్టె భుజాన వేసుకుని, ముసుగు లాక్కుని నడుస్తూ అతను దారిపొడుగునా తిప్పనను ఏడిపించాడు. కట్టుకున్నదాని చేత బరువు మోయించే మొగుడికి చదువెందుకని అడిగాడు. తిప్పన మొదట బిగుసుకున్నాడు, మొదటి ఆమడ దాటేసరికి నవ్వాడు, రెండోది దాటేసరికి మామా అని పిలవసాగాడు. గంగుల అతన్ని పంతులూ అనేవాడు.

ఒక మలుపు దగ్గర గంగుల నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు, కత్తిని చూసి దాని వయసు ఎలా చెబుతారని. పిడి మీద బొమ్మ చూసి చెప్పాను అంటే సరిపోయేది. అంత చిన్న మాట చెప్పడం తిప్పనకు ఇష్టం లేకపోయింది. "ఆకార, అలంకార, ముద్రా లక్షణాలను సమన్వయించి నిర్ణయిస్తాం, మామా" అన్నాడు. గంగుల నడక ఆపి, మలారం దించకుండానే దణ్ణం పెట్టాడు. చదువంటే అదీ అని తనలో తను అనుకుంటూ మళ్లీ నడిచాడు.

హంసకోనకు ముందు ఒక లోయ ఉంది. దాని మీద రాతివంతెన, వంతెన మధ్యలో కుంభోదరుడనే భూతం. తాటిచెట్టంత మనిషి. ఊటకు వెళ్లేవాళ్లను మింగడమే వాడి పని. వాడు గాజులను చూసి మింగడం మరిచిపోయాడు. పుట్టి బుద్ధెరిగాక తన చేతికి ఎవరూ గాజు తొడగలేదని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. గంగుల ముసుగు సర్దుకుని గొంతు సన్నగా చేసి, అంత చేతికి గాజులు దొరకవనీ, దొరగారికి ఒళ్లు పెంచుకోవడమూ తగ్గించుకోవడమూ వచ్చు కదా, చేతులు పసిపిల్లవాడి చేతులంత చేసుకుంటే మోచేతుల దాకా తొడుగుతాననీ చెప్పాడు. భూతం చేతులు చిన్నవి చేసుకుని ముందుకు చాచింది. గంగుల ఒక్కొక్క గాజూ నూనె రాసి తొడుగుతూ, పెళ్లిపాటలు పాడుతూ మోచేతుల దాకా నింపేశాడు. తరువాత ఇద్దరూ వాడి కాళ్ల మధ్యనుంచి దాటిపోయారు. మోసం తెలిసి భూతం గర్జించింది. కానీ చేతులు పెంచితే గాజులు పగిలి మాంసంలో దిగుతాయి, పైగా గాజులు పోతాయి. వాడు వంతెన మీద చతికిలబడి, చేతులు గాలిలో పెట్టుకుని, గాజులు గలగలలాడిస్తూ శాపనార్థాలు పెట్టాడు.

హంసకోన అందం చెప్పతరం కాదు. వెన్నముద్దల్లాంటి పాలరాతి గుండ్ల నడుమ ఊట ముత్యాలపేరు తెగినట్టు ఉరుకుతోంది. గట్టంతా బంగారు పొదల పుప్పొడి. ఊట చుట్టూ కొలువుదీరినట్టు రాతిహంసలు. మిట్టమధ్యాహ్నం నీడ పాదాల కిందికి వచ్చినప్పుడు ఆ హంసలు దాహానికి మెడలు వంచుతాయి. అప్పుడే కుండ ముంచాలి. తిప్పన కుండ ముంచాడు. నిండి పైకి తీసేలోగా సూర్యుడు ఒరిగాడు. హంసలు మెడలెత్తాయి. రాతి ముక్కులు ఈటెల్లా లేచాయి.

గంగుల చీర విప్పి వాటి మీదికి వలలా విసిరాడు, ఖాళీ మలారం డాలుగా పట్టాడు, తిప్పనను ముందుకు తోసి పరిగెత్తమన్నాడు. ఇద్దరూ పాలరాతి గుండ్ల మీద జారుతూ, లేస్తూ, కుండను ఒకరి చేతిలోంచి ఒకరు అందుకుంటూ, వంతెన మీద చేతులు కదపలేని భూతాన్ని తప్పించుకుని లోయ దాటారు. వెనక రెక్కల చప్పుడు ఆగిపోయాక తిప్పన నేల మీద వాలిపోయాడు. గంగుల మాత్రం కూర్చోలేదు. ఎడమ డొక్కకు చేతిలో మిగిలిన చీర ముక్క బిగించి కట్టుకుని, ఆడవేషం మానేసినా నడుం సన్నగా ఉంటే బాగుందని హాస్యమాడాడు. కుండ తనే తీసుకున్నాడు. తిరుగు దారంతా ఎవరికీ ఇవ్వలేదు.

రాజధాని ఉత్తర ద్వారం దగ్గర కుండను అశ్విదత్తుడి చేతిలో పెట్టి, అప్పుడు కూర్చున్నాడు. చీర ముక్క విప్పితే డొక్కలో హంస ముక్కు విరిగి ఉంది. వైద్యుడు కుండను పక్కవాడికిచ్చి వంగేసరికి గంగుల నాయకుడు లేడు.

యువరాణి గాయం మీద హంసకోన నీరు పోశారు. గాయం మూసుకోలేదు. అంచులు నల్లబడి ఇంకా తెరుచుకుంది. తీగ ఆకులు జలజలా రాలాయి. కొసన గుప్పెడే మిగిలాయి.

తిప్పనను ఎవరూ ఏమీ అనలేదు. మంత్రి మేధానిధి తన చేతి బంగారు కంకణం తీసి అతనికి తొడిగాడు. ప్రాణాలకు తెగించి వెళ్లాడు, నీళ్లు పనిచేయకపోతే అతనేం చేస్తాడన్నాడు.

మర్నాడు పొద్దెక్కాక ఏటి ఒడ్డున కొండదళం గంగులకు చితి పేర్చింది. భార్య ఎల్లసాని దళం గుర్రాలను మేపే చోటునుంచి వచ్చింది. పొడగరి, ఎండకు కాగిన ముఖం. ఆమె ఏడవలేదు. వంగి భర్త ముఖం చాలాసేపు చూసింది.

"మీసం ఏది?"

గాజులమ్మి వేషం కోసం తీయించుకున్నాడని తిప్పన చెప్పాడు.

"కాపురానికి వచ్చిన రోజునుంచీ తీయమంటున్నాను" అంది ఆమె. "నా మాట వినలేదు."

చితికి నిప్పు పెట్టే ముందు దళంలో పెద్దవాడొకడు గంగుల మొలలోని కత్తి తీసి, రాతితో పిడి మేకులు కొట్టి ఊడదీశాడు. కొమ్ము పిడిని జారలాగి గంగుల కుడిచేతిలో పెట్టి వేళ్లు మూశాడు. పిడి లేని కత్తిని పక్కన గడ్డి మీద పెట్టాడు. పిడిలో దాగి ఉండే ఇనుప తోక బయటపడింది. దాని మీద పాత మేకుల చిల్లులు, ఒకదాని పక్కన ఒకటి, ఒకదాన్ని ఒకటి కొరుక్కుంటూ ఉన్నాయి.

తిప్పన ఆ చిల్లులను చూశాడు. ఇదేమిటని అడిగాడు. వాళ్లకు అది అడగవలసిన సంగతిగా కూడా తోచలేదు. కొండదళంలో ఇనుము రాజుగారిది. పిడి మాత్రం పట్టినవాడిది, వాడి చెమట తాగింది కాబట్టి వాడితోనే కాలిపోవాలి. తరువాత ఆ కత్తి పట్టేవాడికి అప్పుడున్న రాజు ముద్రతో కొత్త పిడి వేస్తారు. గంగుల కత్తికి ఎన్ని పిడులు మారాయో వాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టబోయి మానేశారు.

విద్యాపీఠం గూళ్లలో ఉన్నవన్నీ నగర సైన్యం కత్తులు. నగర సైన్యం పిడి కాల్చదు. అక్కడ పిడి వయసూ కత్తి వయసూ ఒకటే. తిప్పన కొలువులో చెప్పింది పిడి వయసు. కత్తి సంగతి అతను చూడనే లేదు. ఆ మలుపు దగ్గర బొమ్మ చూసి చెప్పానని గంగులతో అని ఉంటే, గంగుల అక్కడే మలారం దించి, పిడి చూస్తే ఏం తెలుస్తుంది పంతులూ అని ఉండేవాడు.

చితి అంటుకుంది. తిప్పన మంత్రిని పక్కకు పిలిచి జరిగిన పొరపాటు చెప్పాడు. మేధానిధి కళ్లు మూసుకుని తెరిచాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఈ మాట బయటికి పోతే విద్యాపీఠాన్ని ఇంకెవరూ నమ్మరనీ, వక్రనఖుడే ఊటలో విషం కలిపాడని చాటిద్దామనీ, కత్తిని గుట్టుగా మళ్లీ చూడమనీ అన్నాడు. నీ ఒక్కడి పరువు కాదు, నీలాంటి వాళ్ల పిల్లలను రేపు చదువుకు రానివ్వరు, అది కూడా ఆలోచించుకో అన్నాడు. తిప్పన తల ఊపాడు. ఊపి నాలుగడుగులు వేశాడు.

ఎల్లసాని ఎదురొచ్చి అతని రెండు చేతులూ పట్టుకుంది.

"నాయనా, నువ్వు పక్కనే ఉన్నావు. నాకు నిజం చెప్పు. ఊళ్లో అనుకుంటున్నారు, మా ఆయన కుండను దారిలో నేల మీద దించాడట. దెబ్బ తగిలి మోయలేక దించాడట. అందుకే నీళ్లు చెడ్డాయట. దించాడా?"

చితి చుట్టూ ఉన్నవాళ్లు తలలు తిప్పారు. దళం మనుషులు నేల చూపులు చూస్తున్నారు. ఆ మాట వాళ్ల దాకా వచ్చిందనీ, వాళ్లు నమ్మారో నమ్మలేదో గానీ మోస్తున్నారనీ తిప్పనకు అర్థమైంది. చేతికున్న కంకణం ఎల్లసాని వేళ్లకు తగులుతోంది.

"దించలేదమ్మా" అన్నాడు తిప్పన. అందరికీ వినబడేలా మళ్లీ చెప్పాడు. "ఒక్కసారి కూడా దించలేదు. కుండ సరిగానే వచ్చింది. నేను చెప్పిన ఊట తప్పు. కత్తి పిడి చూసి కత్తి వయసు చెప్పాను. పిడి విప్పమని మంత్రిగారు అడిగితే అక్కరలేదన్నాను. మీ ఆయన నా మాట నమ్మి, పనికిరాని నీళ్ల కోసం పోయాడు."

చితిలో ఒక కట్టె చిట్లి పడింది. దళంలో ఒక పడుచువాడు కత్తి మీద చెయ్యి వేస్తే పెద్దవాడు ఆ చెయ్యి పట్టుకున్నాడు. తిప్పన తల ఎత్తలేదు. కొడితే బాగుండునని నిలబడ్డాడు.

ఎల్లసాని కొట్టలేదు. అతని చేతులు వదిలేసింది.

"ఇప్పుడు ఏ నీళ్లో తెలుసా?"

"పిడి విప్పితే తెలుస్తుంది."

"మరి ఇక్కడ నిలబడ్డావేం?"

అదే సభామండపం, అవే దంతపు స్తంభాలు, వాడిన మల్లెదండలు. తిప్పన అదే చోట మోకాళ్ల మీద కూర్చుని మేకులు కొట్టాడు. మొదటి దెబ్బ తన బొటనవేలి మీద పడింది. మెచ్చుకోలు లేదు, నవ్వులు లేవు. గురువుగారు నేలలోని చంద్రకాంత శిలలను చూస్తూ ఉండిపోయారు. పిడి జారి వచ్చింది. లోపలి ఇనుప తోక పిల్లనగ్రోవిలా చిల్లులు పడి ఉంది. ఒక్కొక్క చిల్లు ఒక్కొక్క చచ్చిపోయిన సైనికుడు. హంసపిడి వాడు వాళ్లలో చివరివాడు. ఏ యుద్ధంలోనో శవం దొరకక, అతని పిడి కాలకుండా ఉండిపోయింది, ఆ కత్తే వక్రనఖుడి చేతికి చిక్కింది.

అంచు మొదలయ్యే చోట, పిడి కింద, తుప్పు గీకితే ఒక గుర్తు బయటపడింది. తోక పైకెత్తిన మకరం. అది వీరభాను మహారాజు గుర్తు, భద్రసేనుడి తాతకు తాత. ఆయన కొలిమి ఉండేది నల్లబావి పక్కన. నల్లబావి ఇప్పుడు కాలాగ్ని లోయలో, వక్రనఖుడి కోట నడిబొడ్డున ఉంది. వాడు ఈ కత్తినే ఎందుకు ఎంచుకున్నాడో సభకు అప్పుడు తెలిసింది.

తిప్పన కంకణం తీసి మంత్రి పాదాల దగ్గర పెట్టాడు. ఉత్తరీయం మడిచి దాని పక్కన పెట్టాడు. తాను వెళతానన్నాడు. తోడు ఎవరని మంత్రి అడిగితే సభలో ఎవరూ కదల్లేదు. ఈ మనిషి మాట మీద ఒకడు ఇప్పటికే పోయాడు. ఎవరు మాత్రం కదులుతారు. ద్వారం దగ్గరినుంచి ఎల్లసాని తాను వెళతానంది. తన చేతిలోని పిడి లేని కత్తిని, గంగులది, తిప్పనకు ఇచ్చింది. ఎవరికివ్వాలో చెప్పే హక్కు ఆనవాయితీ ప్రకారం భార్యది.

"దీనికి పిడి లేదమ్మా" అన్నాడు తిప్పన.

"లేదు. నువ్వు తిరిగొస్తే వేయిస్తాను. అందాకా అలాగే పట్టుకో."

అతను ఇనుప తోకకు గుడ్డ చుట్టి పట్టుకున్నాడు. చిల్లుల అంచులు గుడ్డలోంచి కూడా గుచ్చుకున్నాయి.

కాలాగ్ని లోయలో నేల పెనంలా కాలుతుంది. చెట్లు బొగ్గులై నిలబడి ఉంటాయి, వాటికి నిప్పుకణికలు పూస్తాయి. ఆకాశం రాగిరేకులా ఉంటుంది. కోట వాకిట కావలి ఉన్నవాళ్లు భేతాళులు. వాళ్లు ప్రాణమున్నవాణ్ణి రానివ్వరు, నల్లబావిలో వేయడానికి తెచ్చే శవాన్ని ఆపరు. శవం వెంట ఏడ్చేవాళ్లను ఒక్కరిని రానిస్తారు. ఏడుపు వినడం వాళ్లకు విందు. ఏడుపు ఆగితే ఆ మనిషిని చీల్చేస్తారు. అందుకని తిప్పన శవమయ్యాడు. ఒళ్లంతా బూడిద పూసుకుని, ముక్కులో దూది పెట్టుకుని, కుండనూ కత్తినీ తాడు చుట్టనూ గుడ్డ కింద దాచుకుని బండి మీద పడుకున్నాడు. ఎల్లసాని తల్లి వేషం వేసి కాడి పట్టుకుని లాగింది.

వాకిలి దగ్గర చల్లటి వేళ్లు తిప్పన నుదుటి మీద పాకాయి. ఏడువు అని ఒక గొంతు అంది.

ఎల్లసాని ఏడవడం మొదలుపెట్టింది. మొదట వేషానికి తగినట్టు, కొడుకా అని ఏడ్చింది. పది బారలు పోయేసరికి కొడుకు మాట పోయింది. చలికాలం గుర్రాల పాకలో నా కాళ్లకు కంబళి కప్పి నువ్వు వణికినవాడివి అని ఏడ్చింది. కూర బాగోలేదని ఒక్కనాడూ అనక, రెండోసారి వడ్డించుకోకుండా చెప్పేవాడివి అని ఏడ్చింది. నున్నటి ముఖంతో పోతే అక్కడ నీ అమ్మ నిన్ను ఎలా పోల్చుకుంటుంది అని ఏడ్చింది. చితి దగ్గర రాని ఏడుపంతా ఇక్కడ, భేతాళుల మధ్య, బండి లాగుతూ ఏడ్చింది. వాళ్లు దారి పొడుగునా నోళ్లు తెరుచుకుని వింటూ వెంట నడిచారు. తిప్పన గుడ్డ కింద కళ్లు గట్టిగా మూసుకుని పడుకున్నాడు. శవానికి కన్నీళ్లు రాకూడదు. ఒళ్లంతా బిగబట్టి ఆపుకున్నాడు.

నల్లబావి దగ్గర బండి ఆగింది. శవాన్ని బావిలో వేసేముందు ఏడ్చే మనిషి ఒక్కతే ఉండాలన్నది అక్కడి నియమం. భేతాళులు వాకిలి వైపు మళ్లారు, చెవులు మాత్రం ఇటే ఉన్నాయి. తిప్పన లేచాడు. ఎల్లసాని ఏడుపు ఆపకుండానే తాడు కొస తన నడుముకు కట్టుకుని, బావి గట్టుకు కాళ్లు తన్నిపెట్టింది. ఏడుస్తూనే, వెక్కిళ్ల మధ్య, గొంతు తగ్గించి అడిగింది.

"ఆయన్ని ఏమని పిలిచేవాడివి?"

"మామా అని."

"మరి నన్ను అమ్మా అంటావేం. దిగు."

"దిగుతున్నాను, అత్తా."

బావి ఎంత లోతో తెలియదు. రాళ్ల సందుల్లో నిప్పుపాములు నాలుకలు చాస్తున్నాయి. తిప్పన కుండను వీపున కట్టుకుని, పళ్ల మధ్య కత్తి కరుచుకుని, తాడు మీద జారుతూ, పాము తల దగ్గరికి వచ్చినప్పుడల్లా ఒక చేత్తో కత్తి అందుకుని నరుకుతూ దిగాడు. పిడి లేని ఇనుము అరచేతిని కోస్తోంది. పైనుంచి ఏడుపు వినబడుతూనే ఉంది, రాళ్లకు తగిలి తగిలి కిందికి జారుతోంది. చివరికి పాదాలకు చల్లగా తగిలింది. సిరాలాంటి నీరు, అడుగున ఎక్కడో మకరపు తోక మెరుపు. కుండ ముంచాడు. బుడగలు వచ్చాయి. కుండ నిండింది.

అప్పుడు బావి నోటి మీద ఒక నీడ తిరిగింది. గద్ద నీడ.

పైన ఏడుపు ఆగిపోయింది.

తాడు ఒక్కసారి గట్టిగా ఊగి, వదులైంది. తిప్పన ఒక చేత్తో కుండను నెత్తికెత్తుకుని, రెండో చేత్తో కత్తిని రాళ్ల సందులో పొడిచి వేలాడాడు. అరచేతి నెత్తురు ఇనుము మీదుగా మోచేతికి కారుతోంది.

ఇక్కడ చదివేవారిని ఒక్క మాట కోరాలి. తిప్పన పైకి వచ్చినా రాకపోయినా, ఈ రాజ్యం నిలిచినా కూలినా, రేపు దండోరాలో వినబడే పేర్లు వేరేవి ఉంటాయి. మంచి నీళ్లు తెచ్చినవాళ్ల పేర్లే డప్పు మీద పలుకుతాయి. కొండదళం గంగుల నాయకుడి పేరు అందులో ఉండదు. ఆయన తెచ్చినవి పనికిరాని నీళ్లు. అవి పనికిరావని ఆయనకు తెలియదు. చదువుకున్నవాడు చెప్పాడని నమ్మాడు, నమ్మి దణ్ణం పెట్టాడు. మీకు వీలైతే ఆయన్ని గుర్తు పెట్టుకోండి.